మొహమాటం మాని పుష్ కొట్టండి

హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల పైచిలుకు. పెనుకొండలోనో ధర్మవరంలోనో రైలెక్కినా పూట తిరక్కుండా చేరిపోవచ్చు. ఇంజినీరింగో ఎంసీఏయో ముగించుకుని ఆ రైలెక్కే పిల్లలకు జావా వచ్చు, పైథాన్ వచ్చు, ఎస్‌క్యూఎల్ వచ్చు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో వాళ్లు తడబడేది వీటి దగ్గర కాదు. రాసిన కోడ్‌ను పదిమందీ చూసే చోట పెట్టమన్నప్పుడు చెయ్యి వెనక్కి లాగుతుంది. ‘ఇంకాస్త బాగుచేసి పెడతాలే’, ‘మొత్తం అయ్యాక ఒకేసారి పెడతా’, ‘చూసి నవ్వుతారేమో’. కోడ్ పెట్టాల్సిన ఆ చోటు పేరు రిపోజిటరీ, వాడుకలో రెపో. పెట్టనివ్వకుండా ఆపేది మన పాత చుట్టం మొహమాటం.

సూటిగా చెప్పేస్తాను. టీమ్‌లో మీ మీద నమ్మకం మీ తెలివితేటల వల్ల కుదరదు. తెలివైనవాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఏ రోజు ఏం చేశారో, ఎందుకు చేశారో అడక్కుండానే పక్కవాళ్లకు తెలిసేలా పనిచేసేవాళ్లు మాత్రం అరుదు. వాళ్ల చేతికే పెద్ద పనులు వస్తాయి. రెపోలో పనిచేయడం నేర్చుకోవడమంటే ఈ గుణం నేర్చుకోవడమే. తాజా కోడ్‌ను దించుకునే పుల్, మార్పును నమోదుచేసే కమిట్, దాన్ని రెపోకు పంపే పుష్, ఇద్దరి మార్పులను కలిపే మెర్జ్ అనే నాలుగు కమాండ్లు ఒక మధ్యాహ్నంలో వచ్చేస్తాయి. గుణానికే టైం పడుతుంది.

సాఫ్ట్‌వేర్ పరిచయం లేనివాళ్లకు ఒక్క మాట. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియా తెరిచి ఏ వ్యాసమైనా తీయండి. పైన ‘చరిత్ర’ అని ఉంటుంది. నొక్కితే ఆ వ్యాసాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ మాట దగ్గర మార్చారో మొదటి రోజు నుంచీ వరసగా కనిపిస్తుంది. ఎవరైనా పాడుచేస్తే ఒక్క నొక్కుతో పాత రూపానికి వెళ్లొచ్చు. సాఫ్ట్‌వేర్ వాళ్ల రెపో చేసేదీ ఇదే పని. అయితే వందల ఫైళ్ల మీద ఒకేసారి చేస్తుంది, ప్రతి ఒక్కరి కంప్యూటర్లోనూ ఆ చరిత్ర మొత్తానికి ఒక నకలు ఉంచుతుంది.

రెపోలను నడిపే సాధనాల్లో ఒకటి గిట్. అవసరం పడితే పని ఎంత వేగంగా అవుతుందో అది పుట్టిన తీరులో చూడండి. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను ప్రపంచం నలుమూలల నుంచీ రాస్తారు. ఆ బృందం 2002 నుంచి బిట్‌కీపర్ అనే ప్రైవేటు కంపెనీ సాధనాన్ని ఉచితంగా వాడుకునేది. 2005 ఏప్రిల్‌లో ఆ ఉచితం ఆగిపోయింది. లినక్స్‌కు ఆద్యుడు లైనస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ 3న కూర్చుని కొత్త సాధనం రాయడం మొదలుపెట్టారు. ఏప్రిల్ 7 నాటికి గిట్ తన కోడ్‌ను తనలోనే భద్రం చేసుకునే స్థితికి వచ్చింది. జూన్‌లో వచ్చిన కెర్నల్ 2.6.12 గిట్ మీదే విడుదలైంది. ఏప్రిల్ 7న బయటపెట్టింది పూర్తయిన వస్తువేమీ కాదు. చాలా మొరటుగా ఉండేది, మామూలు మనిషికి వాడటం కష్టం. ఆయన అలాగే బయటపెట్టారు. మిగతాది పదిమందీ కలిసి సరిచేశారు. మనవాళ్లయితే ఏం చేసేవాళ్లు? ఇంకో ఆర్నెల్లు నున్నగా చెక్కి అప్పుడు చూపిద్దామనుకునేవాళ్లు.

ఫైనల్, ఫైనల్ 2, అసలైన ఫైనల్

ఫైనలియర్ ప్రాజెక్టు ఉదాహరణే తీసుకుందాం. హిందూపురం అబ్బాయి, పెనుకొండ అమ్మాయి, ధర్మవరం అబ్బాయి కలిసి ఒక పట్టుచీరల కొట్టు కోసం ఆర్డర్లు తీసుకునే యాప్ చేస్తున్నారు. మొదట్లో వాట్సాప్‌లో జిప్ ఫైళ్లు పంపుకుంటారు. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలైన ఫైనల్’, ‘సార్‌కి చూపించాల్సింది ఇదే’. ఎవరి ఫైల్లో ఎవరి మార్పు ఉందో పరీక్ష ముందురోజు రాత్రి ఎవరికీ అంతుపట్టదు. ఒకరు వారం కష్టపడి రాసింది ఇంకొకరి జిప్ కింద పడి మాయమవుతుంది. అప్పుడు మొదలవుతుంది: ‘నేను పంపినా కదప్పా’, ‘నాకు రాలేదు’, ‘నువ్వు చూసుకోలేదు’. తప్పు ఎవరిదో తేల్చడానికి సాక్ష్యం లేదు, గొంతు పెద్దదైనవాడిదే గెలుపు.

రెపో వస్తే ఈ గొడవ పోతుందనుకుంటారు. పోదు, రూపం మారుతుంది. మంచికే మారుతుంది. ఎలాగో దగ్గరగా చూద్దాం.

యాప్‌లో ఒక లైను ఉంది: డెలివరీ = 100. హిందూపురం అబ్బాయి తన బ్రాంచ్‌లో, అంటే విడిగా పనిచేసుకునే తన పాయలో, దాన్ని 0 చేశాడు. అదే రోజు పెనుకొండ అమ్మాయి తన బ్రాంచ్‌లో 150 చేసింది. ఆమె ముందు మెయిన్ బ్రాంచ్‌లోకి మెర్జ్ చేసింది, ఏ ఇబ్బందీ లేదు. తర్వాత అతను ఆ మార్పును తన బ్రాంచ్‌లోకి మెర్జ్ చేసుకోబోతే గిట్ ఆగిపోయింది. ఫైల్ తెరిస్తే ఆ లైను ఉండాల్సిన చోట ఏడు ‘తక్కువ’ గుర్తులు, వాటి పక్కన ‘హెడ్’ అని. దాని కింద డెలివరీ = 0. ఆ కింద ఏడు ‘సమానం’ గుర్తుల గీత. తర్వాత డెలివరీ = 150. చివర ఏడు ‘ఎక్కువ’ గుర్తులు, ఆ పక్కన అవతలి బ్రాంచ్ పేరు. దీన్నే కాన్‌ఫ్లిక్ట్ అంటారు. కొత్తవాళ్లకు ఇది చూడగానే చెమటలు పడతాయి. కొందరు కళ్లు మూసుకుని తమ లైను ఉంచేసి ఎదుటివాళ్లది చెరిపేస్తారు. కొందరు ఇంకా మొహమాటస్తులు, తమది చెరిపేసుకుంటారు. రెండూ తప్పే.

గిట్ ఇక్కడ చెప్పింది ఒక్కటే: ‘ఒకే లైను మీద మీ ఇద్దరికీ రెండు అభిప్రాయాలున్నాయి, తేల్చుకోండి’. ఏది సరైందో దానికి తెలియదు, తెలిసే దారీ లేదు. ఆ అబ్బాయి చేయాల్సింది కీబోర్డ్ వదిలి ఫోన్ తీయడం. ‘నువ్వు నూటయాభై ఎందుకు పెట్టినావు?’ అని అడిగితే ఆమె చెబుతుంది: కొరియర్ ఆఫీసులో కనుక్కున్నాను, అంత అవుతుందన్నారు. ‘మరి నువ్వు సున్నా ఎందుకు పెట్టినావు?’ అంటే, పెద్ద కొట్లన్నీ ఫ్రీ డెలివరీ ఇస్తున్నాయి కదా అంటాడు. ఇద్దరి దగ్గరా కారణం ఉంది. ఇద్దరూ అడగని మనిషి ఒకరున్నారు, కొట్టు యజమాని. ధర్మవరం అబ్బాయి వెళ్లి అడిగాడు. ‘అన్నా, డెలివరీకి డబ్బులు తీసుకుంటావా?’ ‘మన జిల్లాలో తీసుకోనప్పా. బయట ఊర్లకైతే నూటయాభై.’

అంటే 0 కూడా నిజమే, 150 కూడా నిజమే. అసలు ఒక్క అంకెతో సరిపెట్టే లైను కాదది, అక్కడ ఒక షరతు రాయాలి. జిప్ ఫైళ్ల కాలంలో అయితే ఎవరో ఒకరి అంకె నిశ్శబ్దంగా మిగిలిపోయేది. మొదటి ఆర్డర్ వచ్చాక యజమాని తిట్టేదాకా తెలిసేది కాదు. కాన్‌ఫ్లిక్ట్ వచ్చిందంటే ఇద్దరు మాట్లాడుకోవాల్సిన విషయం ఒకటి ఇన్నాళ్లూ మాట్లాడుకోకుండా ఉండిపోయిందని అర్థం. కోప్పడకండి, దాటేయకండి. అడగండి.

ఇంకో మాట. రోజూ పొద్దున్నే పుల్ చేసి, సాయంత్రానికి పుష్ చేసేవాళ్లకు ఇలాంటివి చిన్నవే వస్తాయి, ఐదు నిమిషాల్లో తేలిపోతాయి. మూడు వారాలు తన బ్రాంచ్‌లో తలుపేసుకుని కూర్చుని నాలుగో వారం బయటికొచ్చినవాడికి నలభై ఫైళ్లలో కాన్‌ఫ్లిక్ట్‌లు ఎదురవుతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇక.

ఒక్కో అట్ట, ఒక్కో పోగు

చిన్న చిన్న కమిట్లు ఎందుకు చేయాలో ధర్మవరం పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు, జకార్డు మగ్గం దగ్గర నిలబడితే చాలు. చీర అంచు డిజైన్‌ను ముందు గళ్ల కాగితం మీద గీస్తారు. ఆ గళ్లను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఒక్కో అట్ట ఒక్కో పేక పోగుకు. రంధ్రం ఉన్నచోట కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది, లేనిచోట లేపదు. అలాంటి అట్టలన్నీ తాడుతో వరసగా కుట్టి మగ్గం పైన వేలాడదీస్తారు. 1804లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మరీ జకార్డ్ ఈ ఏర్పాటుకు రూపమిచ్చారు. తర్వాత ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రానికి అట్టల ఆలోచన ఇక్కడినుంచే తీసుకున్నారు. ఆ లెక్కన కంప్యూటర్ చదువు ధర్మవరానికి పరాయిదేమీ కాదు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ జకార్డులు వస్తున్నాయి, అది వేరే సంగతి.

నెమలి మెడ దగ్గర ఒక పోగు తప్పుగా లేస్తోందనుకోండి. ఆ తప్పు ప్రతి నెమలికీ అదేచోట కనిపిస్తుంది. నేతగాడు మొత్తం అట్టల దండ విప్పి పారేయడు. లెక్కపెట్టుకుంటూ వెళ్లి తప్పున్న ఆ ఒక్క అట్ట పట్టుకుని, అది తీసి, సరైనది కొట్టి, అక్కడే కుడతాడు. ఒక్కో పోగుకు ఒక్కో అట్ట ఉండబట్టే అది సాధ్యమైంది.

మీ కమిట్ కూడా అంతే ఉండాలి. ఒక కమిట్‌లో ఒకే పని. లాగిన్ పేజీ సరిచేయడం, రంగు మార్చడం, డేటాబేస్ పట్టికకు కొత్త కాలమ్ చేర్చడం ఈ మూడూ ఒకే కమిట్‌లో కుక్కితే, రేపు రంగు బాగాలేదని వెనక్కి తీసుకోవాలంటే లాగిన్ కూడా పోతుంది. విడివిడిగా పెడితే గిట్ రివర్ట్ అనే ఒక్క కమాండ్‌తో ఆ ఒక్కటే పోతుంది. జీవితంలో కూడా ‘సోమవారం నుంచి మొత్తం మారిపోతా’ అనేవాళ్లు మంగళవారానికే చతికిలపడటానికి ఇదే కారణం. మారాల్సినవి పది ఒక్క కమిట్‌లో కుక్కేస్తారు. ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో వాళ్లకే తెలియదు.

కమిట్‌తో పాటు ఒక మెసేజ్ రాయాలి. ఇక్కడే మన బద్ధకం బయటపడుతుంది. ‘ఫిక్స్’, ‘అప్‌డేట్’, ‘చేంజెస్’, ఇంకా విసుగొస్తే కీబోర్డ్ మీద చెయ్యి అడ్డంగా రుద్దిన నాలుగు అక్షరాలు. ఆర్నెల్ల తర్వాత ఆ లైను ఎందుకలా ఉందో తెలుసుకోవాలనుకున్న మనిషికి ‘అప్‌డేట్’ అనే మాట ఏం చెబుతుంది? ఆ మనిషి చాలాసార్లు మీరే అయి ఉంటారు. ఏం మార్చారో గిట్ ఎలాగూ చూపిస్తుంది. ఎందుకు మార్చారో మీ తలలో మాత్రమే ఉంది, అది రాయండి. ‘డెలివరీ చార్జీ జిల్లాలో 0, బయట 150. కొట్టు యజమాని చెప్పారు.’ ఇంతే. మొదటి లైను యాభై అక్షరాల లోపు, ఒక ఖాళీ లైను, ఆ కింద కావాలంటే వివరం. ఎన్నో టీములు పాటించే వాడుక ఇది.

పేరు పెట్టడం గురించి కూడా. లినక్స్‌లో 2004 నుంచి ప్రతి మార్పు కింద ‘సైన్డ్ ఆఫ్ బై’ అని మనిషి పేరు ఉండాలి. ఈ కోడ్ ఇవ్వడానికి నాకు హక్కుంది అని ఆ పేరుతో ఒప్పుకున్నట్టు. ఎస్‌సీఓ అనే కంపెనీ లినక్స్ కోడ్ విషయంలో కోర్టుకెక్కిన తర్వాత వచ్చిన నియమమిది. ఈ రోజుల్లో దీనికి ఇంకో అర్థం చేరింది. కోపైలట్ లాంటి ఏఐ సాధనాలు నిమిషంలో రెండు వందల లైన్లు రాసిచ్చేస్తున్నాయి. వాడండి, తప్పులేదు. కమిట్ మీద పేరు మాత్రం మీది. మీకు అర్థంకాని లైనును మీ పేరు కింద పెట్టకండి. రివ్యూలో ‘ఇది ఏం చేస్తుంది?’ అని అడిగితే ‘ఏఐ రాసింది సార్’ అనడం జవాబు కాదు.

‘నా దాంట్లో పని చేస్తాంది కదప్పా!’

ఇది మన వైపు సాఫ్ట్‌వేర్ పిల్లల జాతీయ గీతం. చీరల యాప్‌లో బొమ్మలు ధర్మవరం అబ్బాయి ల్యాప్‌టాప్‌లో చక్కగా వస్తున్నాయి, సర్వర్లో పెడితే ఒక్కటీ రావట్లేదు. అతను చూపిస్తాడు, నిజంగానే అతని దాంట్లో వస్తున్నాయి. గంటసేపు వాదన. చివరికి చూస్తే కోడ్‌లో ఫైల్ పేరు చిన్న అక్షరంతో ఉంది, రెపోలో పెట్టిన ఫైల్ పేరు పెద్ద అక్షరంతో మొదలైంది. విండోస్‌కు ఆ తేడా పట్టదు. సర్వర్లో ఉన్న లినక్స్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. అతను అబద్ధమాడలేదు, కానీ అతని నిజం అతని ల్యాప్‌టాప్ వరకే. నలుగురి దగ్గరా పనిచేస్తేనే అది పనిచేసినట్టు. ఇలాంటి తేడాను ముందే పట్టుకోవడానికే, మార్పును కలపమని అడిగే పుల్ రిక్వెస్ట్, దాని మీద రివ్యూ.

రివ్యూ అంటే భయపడేవాళ్లకు నా సలహా: కోడ్ మీద రాసిన మాటను మీ మీద రాసినట్టు చదవకండి. ‘ఈ ఫంక్షన్ మరీ పొడుగుంది’ అంటే ఫంక్షన్ పొడుగుందని. మీ కాలేజీ గురించి, మీ ఊరి గురించి, మీ తెలుగు మీడియం గురించి అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. అయినా మన చెవికి అవే వినిపిస్తాయి. ఆ వినికిడి తగ్గించుకోవాలంటే ఒకటే మందు, రివ్యూలు ఎక్కువగా చేయించుకోవడం. చిన్న మార్పు పెట్టి రోజూ చూపించండి. పదో కామెంట్ దగ్గర గుండె దడ ఆగిపోతుంది, ఇరవయ్యో కామెంట్ దగ్గర మీరే ‘అన్నా, 42వ లైను ఒకసారి చూడవా, నాకే అనుమానంగా ఉంది’ అని అడుగుతారు. ఆ రోజు మీరు సీనియర్ అయ్యే దారిలో పడ్డట్టు, జీతం ఎప్పుడు పెరిగినా సరే.

ఒప్పుకోకపోవడం కూడా నేర్చుకోవాలి. సీనియర్ చెప్పాడు కదా అని సరైన కోడ్‌ను తప్పుగా మార్చేసే వినయం టీమ్‌కు నష్టం. ‘అక్కా, మీరు చెప్పింది అర్థమైంది. ఇలా ఎందుకు రాశానంటే...’ అని రెండు లైన్లు రాయండి. మర్యాదకు లోటు లేదు, విషయానికీ లోటు లేదు.

రివ్యూ చేసే స్థానంలో ఉన్నవాళ్లకూ రెండు ముక్కలు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. ‘ఇది తప్పు’ అని వదిలేయకుండా ‘ఇక్కడ ఖాళీ జాబితా వస్తే యాప్ ఆగిపోతుంది, ఒకసారి చూడు’ అని రాస్తే పిల్లలు నేర్చుకుంటారు. మూడు రోజులు చూడకుండా పక్కన పెట్టడం అన్నింటికన్నా పెద్ద అవమానం. చూడకుండానే ‘బాగుంది’ అని ఆమోదం కొట్టడం దానికి తోబుట్టువు.

పాడైనప్పుడు

పాడవుతుంది. ఎవరికైనా. అప్పుడేం చేస్తారన్నదే మనిషికి పరీక్ష.

2017 జనవరి 31. రెపోలు నడిపే పెద్ద సంస్థల్లో ఒకటైన గిట్‌ల్యాబ్‌లో రాత్రిపూట ఒక ఇంజినీర్ డేటాబేస్ ఇబ్బందితో కుస్తీ పడుతున్నారు. రెండో సర్వర్లో చెరపాల్సిన ఫోల్డర్‌ను పొరపాటున అసలు సర్వర్లో చెరపడం మొదలుపెట్టారు. ఒకటి రెండు సెకన్లలో తెలుసుకుని ఆపేశారు. అప్పటికే దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్‌లు చూద్దామంటే ఒక్కోటీ ఒక్కో కారణంతో పనికిరాకుండా ఉంది. రోజూ జరగాల్సిన బ్యాకప్ చాలాకాలంగా విఫలమవుతోంది, ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు ఎవరికీ చేరడం లేదు. చివరికి ఆదుకున్నది, పరీక్షల కోసం ఆ ఇంజినీరే ఆరు గంటల ముందు విడిగా తీసి పెట్టుకున్న ఒక నకలు. ఆ ఆరు గంటల్లో చేరిన డేటా పోయింది. అదృష్టవశాత్తూ జనం కోడ్ ఉన్న గిట్ రెపోలు వేరేచోట ఉండటంతో అవి పోలేదు.

గిట్‌ల్యాబ్ ఆ రాత్రి ఏం చేసింది? తన నోట్స్‌ను అందరూ చదవగలిగేలా తెరిచిపెట్టింది. బాగుచేసే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. తర్వాత ఏది ఎందుకు విఫలమైందో వివరంగా రాసి ప్రచురించింది. ఆ రాతలో మనిషిని దోషిగా నిలబెట్టలేదు. ఒక్క కమాండ్‌తో ఇంత నష్టం జరిగే ఏర్పాటు ఎందుకుందని తననే ప్రశ్నించుకుంది.

మన దగ్గర ఏం చేస్తారో మనకు తెలుసు. మెయిన్ బ్రాంచ్ పాడుచేసినవాడు ఎవరికీ చెప్పకుండా సరిచేయబోతాడు, కంగారులో రెపోలో ఉన్నదాన్ని తోసేసి రాసే ఫోర్స్ పుష్ కొడతాడు, ఇంకొకరి కమిట్లు కూడా తుడిచేస్తాడు. తెలిశాక ‘నేను కాదు’ అంటాడు. గిట్‌లో అది కుదిరే మాట కాదు, ప్రతి కమిట్ మీదా పేరు, వేళ ఉంటాయి. దానికన్నా గ్రూపులో మొదటి నిమిషంలోనే ఒక మెసేజ్ పెట్టండి: ‘మెయిన్ నా కమిట్ వల్ల ఆగింది. రివర్ట్ చేస్తున్నా. పది నిమిషాలు ఎవరూ పుల్ చేయకండి.’ మూడు ముక్కలు: ఏం జరిగింది, ఏం చేస్తున్నాను, మీరేం చేయాలి. ఇలా చెప్పేవాణ్ని ఎవరూ తిట్టరు. తిట్టే టీమ్ అయితే, బయోడేటా సరిచేసుకోవడానికి అదే తగిన సమయం.

తుడిచిపెట్టుకుపోయిందనుకున్న కమిట్ చాలాసార్లు మీ కంప్యూటర్లోనే ఉంటుంది. గిట్ రెఫ్‌లాగ్ అని కొట్టి చూడండి. మామూలుగా కనీసం నెలరోజుల వరకు దొరుకుతుంది. ఏడవడానికి ముందు అది చూడండి.

రివర్ట్‌తో సరికానిది ఒకటుంది, రహస్యం. పాస్‌వర్డ్, సర్వర్ తాళంచెవి, పేమెంట్ గేట్‌వే కీ ఇవి ఒకసారి పబ్లిక్ రెపోలోకి వెళ్తే, తర్వాతి కమిట్‌లో చెరిపినా చరిత్రలో అలాగే ఉంటాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి, కార్ల సంగతి మనవాళ్లకు పరిచయమే. అలాంటి మరో పెద్ద కార్ల కంపెనీ టొయోటా 2022లో ఒక ప్రకటన చేయాల్సి వచ్చింది. టీ-కనెక్ట్ అనే దాని సేవ తాలూకు కోడ్‌లో కొంత భాగం 2017 డిసెంబర్ నుంచి, రెపోలు పెట్టుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉండిపోయింది. అందులో కస్టమర్ల డేటా ఉన్న సర్వర్ తాళంచెవి ఉంది. దాదాపు ఐదేళ్లు ఎవరూ చూసుకోలేదు. 2,96,019 మంది ఈమెయిల్ చిరునామాలు బయటపడి ఉండొచ్చని కంపెనీయే చెప్పింది. కీలు వేరే ఫైల్లో పెట్టి, ఆ ఫైల్ రెపోలోకి వెళ్లకుండా దాని పేరు గిట్‌ఇగ్నోర్‌లో రాయడానికి పట్టేది అరనిమిషం. ఇప్పటికే పెట్టేసి ఉంటే చెరపడంతో ఆగకండి, ఆ కీనే మార్చేయండి.

మీ ఊళ్లోనే ఉంది

ఇదంతా అమెరికా సంగతి, బెంగళూరు సంగతి అనుకుంటున్నారా? 2003లో నందన్ నీలేకని, శ్రీకాంత్ నాదముని మొదలుపెట్టిన ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ మున్సిపాలిటీల కోసం సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015, 16 సంవత్సరాల్లో దాన్ని అప్పటి 110 పట్టణ స్థానిక సంస్థలన్నింటికీ తీసుకుంది. హిందూపురం, ధర్మవరం మున్సిపాలిటీలు అందులో ఉన్నవే. పెనుకొండ అప్పటికింకా పంచాయతీయే. ఆ సంస్థ తన కోడ్‌ను గిట్‌హబ్‌లో బహిరంగంగా పెట్టింది. ఆస్తిపన్ను ఎలా లెక్కిస్తారో, ఫిర్యాదు ఏ అధికారికి ఎలా చేరుతుందో కోడ్ తెరిచి చదవొచ్చు. ఎవరు ఏ రోజు ఏ లైను మార్చారో కూడా ఉంటుంది. కోచింగ్ సెంటర్‌కు డబ్బు కట్టకుండా, అనుభవజ్ఞులు ఎలా పనిచేస్తారో పక్కన కూర్చుని చూసినట్టు చూడొచ్చు. ఒక్క ఆదివారం వాళ్ల కమిట్ చరిత్ర చదవండి, సినిమా ఎలాగూ ఓటీటీకి వస్తుంది.

ఇంకొకటి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. ఆ రాజ్యాన్ని అంతకుముందు ఏలిన శ్రీకృష్ణదేవరాయల పేరు ఇప్పుడొక తెలుగు ఫాంట్‌కు ఉంది. సిలికానాంధ్ర అందించిన ఉచిత ఫాంట్లలో అదొకటి, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. తెలుగు అక్షరాలు గీసినవారు ఒకరు, అందులోని ఇంగ్లిషు అక్షరాలు గీసినవారు మరొకరు. అనుమతి ముందే ఇచ్చేసిన ఓపెన్ లైసెన్స్ ఉండబట్టి ఇద్దరి పనీ ఒక్క ఫైల్లో కుదురుకుంది. గూగుల్ ఫాంట్స్ రెపో కూడా గిట్‌హబ్‌లో అందరికీ తెరిచే ఉంది. ఏ ఒత్తయినా సరిగా పడకపోతే ఫేస్‌బుక్‌లో విసుక్కునే బదులు అక్కడ ఒక ఇష్యూ తెరవొచ్చు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో లినక్స్ తెచ్చారు, విద్యార్థులతో పనిచేయిస్తారు, వాళ్లకు సొంత గిట్‌ల్యాబ్ సర్వర్ ఉంది. మొదటి పనిగా ఏదైనా ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో అక్షరదోషం దిద్దండి, లేదా ఒక మెనూ మాటను తెలుగు చేయండి. చిన్నదని సిగ్గుపడకండి, మీ పేరు చరిత్రలోకి ఎక్కడానికి ఆ ఒక్క లైను చాలు.

టోర్వాల్డ్స్ సంగతికి ఒక కొసరు ఉంది. గిట్ మొదలుపెట్టిన నాలుగు నెలల్లోపే, 2005 జులైలో, దాని బాధ్యతను ఆయన జునియో హమానో చేతిలో పెట్టేశారు. హమానో అప్పటికే చక్కటి మార్పులు పంపుతున్న ఒక సభ్యుడు. ఈ ఇరవై ఏళ్లుగా గిట్‌ను చూసుకుంటున్నది ఆయనే. ఆయనకు ఎవరి సిఫారసూ లేదు, కమిట్లే సిఫారసు. ‘నేను లేకపోతే ఈ ప్రాజెక్టు కదలదు’ అని మురిసిపోయే టీమ్ లీడర్లు ఈ ముక్క ఒకటికి రెండుసార్లు చదవాలి.

ఇక మీ వంతు. ల్యాప్‌టాప్‌లో సగంలో ఆగిన ప్రాజెక్టు ఒకటి ఉండే ఉంటుంది. ఈ రాత్రే రెపో తెరవండి, కీలు పక్కకు తీయండి, ఉన్నది ఉన్నట్టు కమిట్ చేసి పుష్ కొట్టండి. ఒక స్నేహితుడికి లింకు పంపి ‘తప్పులు చూడప్పా’ అనండి. ఇంగ్లిషులో మెసేజ్ రాయడం రాదని ఆగిపోకండి. కంపెనీలో వాళ్ల పద్ధతి వాళ్లది, అది అక్కడికి వెళ్లాక నేర్చుకోవచ్చు. మీ సొంత రెపోలో కమిట్ మెసేజ్ తెలుగులో రాసుకోండి. గిట్ మామూలుగా వాడేది యూటీఎఫ్-8, తెలుగు అక్షరాలను ఒక్క ఒత్తు పోకుండా దాచిపెడుతుంది.